మోకు కట్టిన ఇల్లు

నర్సు పనిలో కొత్తగా చేరే ఆడపిల్లలు నన్ను చూడటానికి వస్తే ముందు కాన్పుల గురించి అడుగుతారు. ఎడ్లబండిలోనే కాన్పు చేశారట కదా, వాగు పొంగితే బల్లకట్టు మీద పోయారట కదా అని. చేశాను, పోయాను. ఆ రోజుల్లో పల్లె దవాఖానలో పనిచేసిన ఏ నర్సైనా చేసింది అదే. అందులో నా గొప్ప ఏమీ లేదు.

నేను చెప్పదలుచుకున్నది మా దవాఖాన వెనక ఉన్న రెండు గదుల పెంకుటింటి గురించి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు అక్కడే నేర్చుకున్నాను. నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా అక్కడే చేశాను. రెండూ రాస్తాను.

ఊరి పేరు రాయను. మోత్కూరు అంగడికి పొద్దున నడిచిపోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దూరం అనుకోండి. మాది కేతేపల్లి వైపు. మా నాయిన ఒకరి పొలంలో కూలికి పోతూ నన్ను మిషన్ బడిలో చదివించాడు. ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో నన్ను ఆ ఊరి సర్కారు దవాఖానకు వేశారు. తెల్లచీర కట్టుకుని, అన్నీ నాకే తెలుసనుకుంటూ వచ్చి దిగాను.

యాదయ్య మూడుసార్లు వచ్చాడు

యాదయ్య కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీద మోకు జారి కిందపడ్డాడు. మోకంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. గీసేవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. పడ్డాక నడుము కింద స్పర్శ పోయింది. పట్నం పెద్ద దవాఖానకు కూడా పోయి వచ్చాడు, కాళ్లు రాలేదు. అప్పటికి అతనికి ముప్పై దాటలేదు. పెళ్లాం అంతకుముందే జ్వరంతో చనిపోయింది.

గాయాలు మానాయి కదా అని ఇంటికి పంపాం. రెండు నెలలకు వీపు మీద, పిర్రల మీద పడక పుండ్లతో తిరిగొచ్చాడు. వాళ్ల అన్నను వరండాలో అందరి ముందూ కడిగేశాను. తమ్ముడు మనిషి కాడా, పశువునైనా ఇంతకన్నా బాగా చూస్తారు కదా అన్నాను. ఆయన తలవంచుకుని విన్నాడు. పుండ్లు మాన్పి పంపాం. మళ్లీ వచ్చాడు. మళ్లీ తిట్టాను. మూడోసారి వచ్చినప్పుడు తిట్టడానికి ఓపిక లేక వాళ్ల ఇల్లు చూద్దామని పోయాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. మంచం పక్కన కడవ, గ్లాసు, విసనకర్ర పెట్టి ఉన్నాయి. ఇంట్లో ఒక్క మనిషి లేడు. పొలం గట్టు మీద వాళ్ల అన్న దొరికాడు.

"నర్సమ్మా, మేం కసాయోళ్లం గాదు" అన్నాడు. "తెల్లారక ముందే నేను చెట్లకు పోవాలె. ఆడోళ్లు నాట్లకు పోతరు. పొద్దంత వాణ్ని మర్లేసేటోళ్లు ఎవరున్నరు చెప్పు? నువ్వు తిడితివి. నేనేమన్ననా?"

ఆ రోజు నాకు సిగ్గేసింది. కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటివాళ్లను తిట్టడం మన పనిలో అన్నిటికన్నా తేలిక. మంచం ఖాళీ అయిందంటే రోగి బాగయ్యాడనీ, రోగి తిరిగొస్తే ఇంటివాళ్లు చెడ్డవాళ్లనీ రాసుకుంటూ పోతే మన ఉద్యోగం హాయిగా గడిచిపోతుంది. యాదయ్యకు మందు అక్కర్లేదు. గంటకో రెండు గంటలకో ఒకసారి ఒత్తిగిలమని చెప్పే మనిషి కావాలి. అది దవాఖానలో దొరకదు, ఆ ఇంట్లోనూ దొరకదు.

నేను పోను

అప్పుడే లచ్చమ్మ కాలి పుండుతో మా దగ్గర ఉంది. కురుమల ఇంటి మనిషి. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. గొంగళ్లకు ఉన్ని వడకడంలో ఆమెకు సాటి లేదని ఊరంతా ఒప్పుకునేవారు. ఆమె నోటికి కూడా సాటి లేదని దవాఖానలో మేము ఒప్పుకున్నాం.

ఎండాకాలం రాగానే ఆమె అన్నావదినలు గొర్రెల మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతారు. ఇల్లంతా మంద వెంటే. ఆమెను దొడ్డి పక్కన గుడిసెలో ఉంచి, పక్కింటివాళ్లకు అప్పజెప్పి పోయేవారు. ఆ ఏడు పాదంలో ముల్లు విరిగి పురుగు పట్టేదాకా ఎవరూ చూడలేదు. పాదం మానాక అడిగాను, ఇంటికి ఎప్పుడు పోతావని.

"ఏ ఇంటికి?" అంది. "మంద యాడుంటె మావోళ్ల ఇల్లు గాడ. నేను మందెంబడి ఉరకలేను. గుడిసెల కూసుంటె గంజి ఎప్పుడొస్తదో తెల్వది, మనిషి ఎప్పుడొస్తడో తెల్వది. మా అన్న మంచోడే. గాని గా గుడిసెకు నేను పోను. పొమ్మంటె గీ వరండలనే పడి ఉంట."

మూడో మనిషి సారమ్మ. మా కేతేపల్లి వైపు మనిషే, నాలాగే కూలివాళ్ల బిడ్డ. వాళ్ల ఊరి బావినీళ్లు తాగీ తాగీ ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోయింది. నడవగలదు, చూపు బాగుంది, కానీ బిందె ఎత్తలేదు, తల ఎత్తి ఎదుటివాళ్ల మొహం చూడలేదు. పాదాలను బట్టే మనుషులను గుర్తుపట్టేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. వారానికోసారి నొప్పి పొడి కోసం వచ్చి సాయంత్రం దాకా కదిలేది కాదు. పొడి ఒక సాకు మాత్రమేనని నాకు తెలుసు.

దవాఖాన వెనక కాంపౌండరు క్వార్టరు ఖాళీగా ఉండేది. ఆయనకు ఊళ్లో సొంత ఇల్లుంది. ఈ ముగ్గురినీ అందులో ఉంచుదామని మా డాక్టరుగారిని అడిగాను. ఆయన మంచివాడు, భయస్తుడు. "ఆ ఇంటి తాళంచెవి ఎక్కడుందో నాకు తెలియదమ్మా. మీకు తెలిస్తే నాకు చెప్పొద్దు" అన్నాడు. అదే అనుమతి అనుకుని తాళం తీశాను.

గదులు రెండూ ఆడవాళ్లకు, ముందు వసారా యాదయ్యకు. లచ్చమ్మ అన్న ఊరికి వచ్చినప్పుడు గొడవపెట్టాడు, పరాయి మగవాడితో ఒకే కప్పు కింద ఉంటావా అని. "గుడిసెల నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నీకు గీ ఫికర్ లేకపాయె" అంది లచ్చమ్మ. ఆయన గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు.

పొయ్యిలు మాత్రం మొదట మూడు. యాదయ్య పొయ్యి మీద పొద్దున్నే వాళ్లింటి ఆడవాళ్లు వచ్చి వండిపెట్టి పోయేవారు. ఒకరి చేతి వంట ఒకరు తినేవారు కాదు. ఒకే పొయ్యి పెట్టించి నేను ఆర్డరు వేశాను. రెండు రోజులు లచ్చమ్మ అటుకులు నానబెట్టుకుని తింది. ఓడిపోయి ఎవరి పొయ్యి వాళ్లనే పెట్టుకోమన్నాను. ఆ వానాకాలం కట్టెలన్నీ తడిసి సారమ్మ పొయ్యి ఒక్కటే రాజుకుంది. ఆ తర్వాత మిగతా రెండు పొయ్యిలను ఎవరూ అంటించలేదు. దాని గురించి ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ నోరు మూసుకున్నాను.

కదురు నిండితే మర్లాలి

యాదయ్య ఎప్పుడెప్పుడు ఒత్తిగిలాలో గంటల లెక్కన కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆ ఇంట్లో గడియారం లేదు. ఉన్నా చదివేవాళ్లు లేరు. వారం తర్వాత చూస్తే పుండ్లు ఎండుతున్నాయి. నా కాగితం పనిచేసిందని మురిసిపోయాను.

నేను వసారాలో ఉండగానే లోపల నుంచి కేక వినబడింది. "యాదన్నా, కదురు నిండింది. మర్లు!"

యాదయ్య వాసానికి వేలాడదీసిన తాడు పట్టుకుని పక్కకు ఒరిగాడు. విషయమేమిటంటే, లచ్చమ్మ కదురు ఒకసారి నూలుతో నిండటానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే అతను ఒక పక్క మీద ఉండాలి. ఇద్దరూ అనుకుని పెట్టుకున్నారు. ఆమె వడకని వేళల్లో సారమ్మ వచ్చి మంచంకోడు తట్టేది. యాదయ్యకు పుండ్లు మళ్లీ రాలేదు. నా కాగితాన్ని సారమ్మ ఉప్పు చుట్టడానికి వాడింది.

ఇక మోకు సంగతి. యాదయ్య మోకును అతని అన్న తెచ్చి వసారాలో మేకుకు తగిలించాడు. పండగకు దానికి పసుపు పెట్టి మొక్కేవారు. ఆడవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, దాటకూడదు అన్నది వాళ్ల ఇంటి కట్టు. లచ్చమ్మ బావికి పోవాలంటే నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని. నేను లేనప్పుడు ఒకరోజు తనే బయలుదేరి తోవ తప్పి ముళ్లకంచెలో పడింది. వసారాలో మంచం మీద నుంచి యాదయ్య "ఎడమకు, ఎడమకు" అని అరుస్తూనే ఉన్నాడు. లేవలేడు కదా. నేను వచ్చేసరికి ఆమె చేతులు గీరుకుపోయి ఉన్నాయి, అతను ఏడుస్తున్నాడు.

మర్నాడు వాళ్ల అన్న రాగానే యాదయ్య మోకు దించమన్నాడు. గుంజకు కట్టి బావి దాకా లాగమన్నాడు, తాడు చాలకపోతే తాను పేనిన తాడు అతికించమన్నాడు.

"ఆడమనిషి పట్టుకుంటదిరా!" అన్నాడు అన్న.

"పట్టుకోనీ. నన్ను పట్టలేకపాయె. గామెనన్న పట్టుకోని సాకనీ" అన్నాడు యాదయ్య.

అన్న మోకును కళ్లకద్దుకున్నాడు. తర్వాత తనే గుంజకు ముడి వేశాడు. బావి దగ్గర ఒక ముడి, పెరటి దారికి రెండు ముడులు, వాకిలికి మూడు. ఆ రోజు నుంచి లచ్చమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నీళ్లు తోడుకొచ్చింది. ఆమె బిందె ఎత్తేది, సారమ్మ బియ్యంలో రాళ్లు ఏరేది, యాదయ్య కూర తరిగేవాడు. అతను పేనిన తాళ్ల కోసం రైతులు వచ్చి వసారాలో కూర్చుని ముచ్చట్లు పెట్టేవారు. పుండ్ల వాసనకు ముక్కు మూసుకుని పోయిన మనుషులే వాళ్లంతా.

నా తప్పు

జిల్లా నుంచి పెద్ద డాక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ ఇంటి సంగతి ఆయన చెవిన పడిందట, చూస్తానన్నాడట. నాకు ఒక పక్క భయం, ఒక పక్క గొప్ప. ఇంటిని అద్దంలా పెట్టి చూపించాలని నడుం కట్టాను.

గోడలకు సున్నం వేయించాను. గుమ్మం పక్కనున్న పొయ్యి మసిమసిగా కనబడుతుందని లోపలి మూలకు, లచ్చమ్మ రాట్నం పెట్టుకునే వైపుకు మార్పించాను. నీళ్ల కడవలన్నీ ఒక వరసలో సర్దించాను. వాకిలి నిండా ఆ ముతక తాడు అడ్డంగా ఏమిటని మోకు కూడా విప్పించి చుట్ట చుట్టి మంచం కింద తోయించాను. ఆ పొద్దున యాదయ్యను వీపు చూపించడానికి దవాఖానకు మోసుకుపోయారు. లచ్చమ్మ తలంటుకోవడానికి బావి దగ్గర ఉంది.

సారమ్మ నా పాదాలను చూస్తూ అడిగింది. "లచ్చమ్మకు చెప్పినవా బిడ్డా?"

"చెప్తాలే అవ్వా" అన్నాను.

సారమ్మ కట్టెల కోసం పెరట్లోకి పోయింది. జీపు వచ్చిన చప్పుడు విని నేను వాకిట్లోకి పరుగెత్తాను. చెప్పలేదు. లచ్చమ్మ తాడు కోసం గాలిలో చేతులు తడుముకుంటూ, నన్ను పిలుస్తూ, ఎలాగో గుమ్మం దొరకబుచ్చుకుని తన రాట్నం వైపు నడిచింది. నేను పెద్ద డాక్టరుకు నమస్కారం పెడుతుండగా లోపల కేక వినబడింది. ఉడుకుతున్న గంజి కుండ ఆమె కాలి మీద ఒలికింది. మోకాలి కింద నుంచి మడమ దాకా తోలు ఊడింది.

కాలికి నేనే కట్టు కట్టాను. లచ్చమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది. "నా తాడు ఎవరు విప్పిన్రు?"

"నేనే" అన్నాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. నా ఉద్యోగంలో ఎందరో తిట్టారు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఈ ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

పెద్ద డాక్టరు దుర్మార్గుడు కాడు. అయినా ఆయన అన్నది నేను మరిచిపోలేను. "ముగ్గురినీ కలిపితే ఒక మనిషి లెక్క తేలుతుందని నమ్మారా నర్సమ్మా? తేలలేదు, చూడండి" అన్నాడు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ముగ్గురూ కలిసి ఒక మనిషి కాదు. ముగ్గురూ ముగ్గురు నిండు మనుషులు. ఆ ఇంట్లో లెక్క తప్పిన మనిషిని నేను.

నాకు కోస్గి వైపు బదిలీ కాగితం ఆయనే తెచ్చాడు. "మీరు పోయాక ఈ ఇంటికి జిమ్మేదార్ ఎవరు, పూచీ ఎవరు పడతారు? నెల తర్వాత మళ్లీ వస్తాను. ఉద్యోగం ఉన్నవాళ్ల పేరు ఒకటి రాసివ్వండి. లేకపోతే తాళం పడుతుంది. కళ్లు లేనామెను అన్న దగ్గరికి, అతన్ని పట్నంలో ఆశ్రమానికి, ముసలామెను వాళ్ల ఊరికి పంపుదాం" అన్నాడు.

జిమ్మేదార్

ఆ నెలంతా ఊరు తిరిగాను. డాక్టరుగారు తలగోక్కున్నాడు. కాంపౌండరు తన పిల్లల జ్వరాలు ఏకరువు పెట్టాడు. బడిపంతులు ఆలోచించి చెబుతానని ఎదురుపడటం మానేశాడు. పటేలు చాయ తాగించి పంపాడు. బదిలీకి నాలుగు రోజులున్నాయనగా వచ్చి ఆ వసారాలో కూలబడ్డాను.

"ఎవ్వరూ ఒప్పుకోలేదు. ఇక నా వల్ల కాదు" అన్నాను.

లచ్చమ్మ కాలు చాపుకుని ఉన్ని ఏకుతోంది. చెయ్యి ఆపలేదు. "ఊరంత అడిగినవు. మమ్ముల అడిగినవా?"

నేను తలెత్తి చూశాను.

"గీ ఇంట్ల ఎన్నేండ్ల సంది ఉంటున్నం నర్సమ్మా? పొయ్యి యాడుండాలె, కడవ యాడుండాలె, యాదన్న ఎప్పుడు మర్లాలె, ఎవరికెరుక? నీకా, మాకా? నా పేరు రాయి. యాదన్న పేరు రాయి. అవ్వ పేరు రాయి. గా గుడిసెకు నేను పోనంటె పోను."

"ఉద్యోగం ఉన్నవాళ్ల పేరు కావాలన్నాడు లచ్చమ్మా."

"రానీ, సారుతోటి నేను మాట్లాడుత. ఒక్కటి విను. గా దినం నువ్వు ఇంట్లకు రావద్దు. వస్తె అన్నీ నువ్వే చేస్తవు."

యాదయ్య మంచం మీద నుంచి నవ్వాడు. నాకు పౌరుషం వచ్చింది, కానీ ఆమె చెప్పింది నిజం. ఇన్నేళ్లలో ఆ ముగ్గురికోసం నేను అన్నీ అడిగి తెచ్చాను, ఆ ముగ్గురిని మాత్రం ఏదీ అడగలేదు.

పెద్ద డాక్టరు వచ్చిన రోజు నేను కట్టు గదిలో ఉండిపోయాను. కిటికీలోంచి వాకిలి కనబడుతుంది, మాటలు వినబడతాయి. గోడలకు సున్నం లేదు. పొయ్యి గుమ్మం పక్కన మసితో ఉంది. మోకు గుంజ నుంచి బావి దాకా బిగుతుగా కట్టి ఉంది. పెద్దాయన చూడకుండా వచ్చి దానికి కడుపు తగిలి ఆగాడు.

"జర కిందికెంచి రాండ్రి సారూ" అంటూ లచ్చమ్మ తాడు పట్టుకుని ఎదురొచ్చింది. బావికి పోయి నీళ్లు తోడి, చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది. కాలు ఇంకా కుంటుతోంది. ఆయన తాగి, కూర్చోవడానికి కడవ పక్కనున్న పీటను ఇటు లాక్కున్నాడు.

"సారూ, లేసేటప్పుడు మళ్ల ఆడనే పెట్టుండ్రి" అన్నాడు యాదయ్య మంచం మీద నుంచి, మర్యాదగానే. "పోయినసారి పొయ్యి జరిగితే గామె కాలు కాలింది."

పెద్ద డాక్టరు యాదయ్య వీపు తిప్పి చూశాడు. వేలితో నొక్కి చూశాడు. "పుండ్లు ఎన్నాళ్ల క్రితం మానాయి?" అని అడిగాడు.

"నర్సమ్మ కాగితం ఉప్పుకు చుట్టిన కాడ్నుంచి" అంది సారమ్మ నేల చూస్తూ.

ఆయన నవ్వుతాడనుకోలేదు, నవ్వాడు. ఆ తర్వాత కాగితం తీశాడు. జిమ్మేదార్ అన్నచోట ఒక్కరి పేరుకే జాగా ఉంది. లచ్చమ్మ పేరు రాసి, ఆ పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో మిగతా ఇద్దరివీ ఇరికించాడు. మూడు వేలిముద్రలు పడ్డాయి. లచ్చమ్మ వేలును సారమ్మ పట్టుకుని నొక్కింది. నేను కిటికీ దగ్గరే నిలబడి బాగా ఏడ్చాను. అది దాచుకోవలసిన సంగతి కాదు.

కోస్గి దారిలో

కోస్గి వైపు కూడా తర్వాత అలాంటి ఇల్లు ఒకటి పెట్టించాను. మొదటి రోజు గడపలో నిలబడి లోపలికి పోకముందే అడిగాను, కడవ ఎక్కడ పెట్టమంటారని. వచ్చినవాళ్లు నన్ను వింతగా చూశారు. వాళ్లను అంతకుముందు ఎవరూ ఏమీ అడిగి ఉండరు. మీరు ఎక్కడ పనిచేసినా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. మిగతాది నేర్చుకోవచ్చు.

బదిలీ రోజున సెలవు తీసుకోవడానికి పెట్టెతో ఆ ఇంటికి పోయాను. యాదయ్య నా పెట్టెకు కట్టుకోమని తను పేనిన తాడు ఇచ్చాడు. సారమ్మ నా పాదాలను తడిమింది, ఇవి ఎక్కడ కనబడినా గుర్తుపడతానంది. పీట మీద కాసేపు కూర్చుని, బస్సు వేళయిందని లేచాను. ఆమె రాట్నం ఆగింది.

"పీట జరిపినవా?"

"లేదు" అన్నాను.

"చప్పుడైంది."

"జరిపిన" అన్నాను, నాకు తెలియకుండానే ఆమె మాటలో.

"అయితె దాని జాగల దాన్ని పెట్టి పో. మంచిగ పోయిరా, నర్సమ్మా."

పీటను కడవ పక్కన, ఎక్కడిదక్కడ పెట్టాను. సరిగ్గా ఉందా అని చేత్తో తడిమి చూసుకున్నాను. వాకిట్లో మోకు కింద నుంచి తలవంచి బయటికి వచ్చి బస్సెక్కాను.